పెద్ద నమూనా లాంచీకి మోటారు ఎంచుకోవడం ఎలా: ముందు పడవను లాగి చూడండి

నమూనా పడవ కట్టాలనుకునేవాళ్లు దుకాణంలో అడుగుపెట్టగానే అడిగేది ఒకటే: ‘దీనికి ఏ మోటారు పెట్టాలి?’ నిజానికి ఆ ప్రశ్న అన్నిటికన్నా చివర రావాలి. పడవ బరువెంత, అది ఏ వేగంతో పోవాలి, ఆ వేగంలో నీళ్లు దాన్ని ఎంత బలంతో ఆపుతాయి, వెనక ఎంత పెద్ద ప్రొపెల్లరు పడుతుంది అన్నవి తేలితే మోటారు దానంతటదే తేలుతుంది. అవి తేల్చుకోకుండా ముందే మోటారు కొంటే, అది గంటకోసారి బ్యాటరీ మింగేదో, పది నిమిషాలకే కాలిపోయేదో అవుతుంది.

మీటరు పొడవు దాటి, పది కిలోలకు మించి బరువున్న పడవల కోసం ఇది రాస్తున్నాను. నీళ్ల మీద ఎగిరిపోయే రేసు పడవల సంగతి వేరు. వాటికి కిలోకు వంద వాట్లు, అంతకు మించి కావాలి. బ్రష్‌లెస్ మోటారు (లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు లేనిది), నీటితో చల్లబరిచే ఏర్పాటు తప్పవు. పిల్లలు స్నానాలు చేసే చెరువులో అలాంటివి నడపకూడదు కూడా.

అసలు పడవ నుంచి నమూనా అంకెలు

సాగర్ జలాశయం నిండాక నాగార్జునకొండ ద్వీపమైంది. అప్పటినుంచి అక్కడికి లాంచీ ఎక్కే పోవాలి. నల్లగొండ వైపు పెరిగినవాళ్లకు పెద్ద పడవ అనగానే తోచేది ఆ లాంచీయే. కొల్లాపూర్ దగ్గరి సోమశిల వాళ్లకు కృష్ణమ్మ మీద తిరిగే పడవలూ, జాలర్ల పుట్టీలూ గుర్తొస్తాయి. ఇక్కడి లెక్కలన్నీ లాంచీ మీదే చేస్తాను. లెక్క కోసం అసలు పడవ పొడవు 18 మీటర్లు, నిండు బరువు 30 టన్నులు, వేగం గంటకు 18 కిలోమీటర్లు అనుకుందాం. మీ పడవ వేరేదైతే అంకెలు మార్చుకోండి. పద్ధతి మారదు.

పన్నెండో వంతు నమూనా కడితే పొడవు 1.5 మీటర్లు వస్తుంది. బరువు మాత్రం పన్నెండో వంతు కాదు. పొడవు, వెడల్పు, లోతు మూడూ పన్నెండేసి రెట్లు తగ్గాయి కాబట్టి 12ను మూడుసార్లు గుణించి, వచ్చిన 1,728తో భాగించాలి. అంటే 17 కిలోల పైచిలుకు. పడవ ఇంతకన్నా తేలికగా ఉంటే నీటి గీత (పడవ ఎంతవరకు మునగాలో చూపే గీత) నీళ్లకు పైకే ఉండిపోతుంది, చూడటానికీ బాగుండదు, గాలికీ ఊగుతుంది. అందుకే పెద్ద నమూనాల్లో బరువు శత్రువు కాదు. మోటారు, బ్యాటరీ కాస్త బరువైనవే తీసుకోవచ్చు.

వేగానిది ఇంకో లెక్క. పడవ ముందుకు పోతూ లేపే అల పొడవు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నమూనా పక్కన అలలు కూడా పన్నెండో వంతే ఉండాలంటే వేగాన్ని 12 వర్గమూలంతో, అంటే సుమారు 3.46తో భాగించాలి. గంటకు 18 కిలోమీటర్లు కాస్తా 5.2 కిలోమీటర్లవుతుంది. సెకనుకు 1.44 మీటర్లు. కాస్త చురుగ్గా నడిచే మనిషి వేగం ఇంతే. విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు 19వ శతాబ్దంలో నమూనా పడవలను తొట్టిలో లాగి తేల్చిన సూత్రమిది. పెద్ద ఓడల రూపకల్పనకు ఇప్పటికీ ఇదే ఆధారం.

ఇంకొక హద్దు కూడా చూసుకోవాలి. నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు, నీటిని తాకే పొడవును బట్టి ఒక సహజ వేగం ఉంటుంది. ఆ పొడవు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.25తో గుణిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. మన లాంచీకి నీటి గీత దగ్గర పొడవు 1.4 మీటర్లనుకుంటే 1.48 వస్తుంది. మనకు కావలసింది 1.44 కాబట్టి సరిగ్గా అంచున ఉన్నాం. దీన్ని దాటించాలని రెండింతల మోటారు పెట్టినా వెనక భాగం నీళ్లలో కుంగి, ముక్కు పైకి లేచి, పెద్ద అల వస్తుందే తప్ప వేగం పెరిగేది కొద్దిగానే.

పడవను లాగండి, బలం కొలవండి

ఈ పని చాలామంది చేయరు. పుస్తకాల్లో ‘కిలోకు ఇన్ని వాట్లు’ అని చదివి అంతటితో సరిపెట్టుకుంటారు. కానీ హల్ (పడవ ఒట్టి డొల్ల) తయారై, నీళ్లు చొరకుండా రంగు పడ్డాక, మోటారు కొనక ముందు ఒక పూట దీనికి పెడితే మిగతా నిర్ణయాలన్నీ తేలికవుతాయి.

కావలసినవి: బ్యాగులు తూచే డిజిటల్ కాటా, ఇరవై మీటర్ల సన్నటి నైలాను తాడు, ఇసుక సంచులు, సాయానికి ఇంకొక మనిషి. ఇసుక సంచులతో హల్‌ను 17 కిలోలకు తెచ్చి, నీటి గీత ముందూ వెనకా సమంగా ఉండేలా సర్దండి. తాడును ముక్కు దగ్గర, నీటి గీతకు దగ్గరగా కట్టండి. పైన కడితే లాగినప్పుడు ముక్కు కిందికి వంగి లెక్క తప్పుతుంది.

తాడు పట్టుకుని కట్ట వెంబడి నడవకండి. పడవ ఒడ్డు వైపు తిరిగిపోతుంది. రేవు దగ్గర చదునైన చోటు చూసుకుని, పడవను ఎదురుగా నీళ్లలోకి వదిలి, కాటా చేత్తో పట్టుకుని ఒడ్డు నుంచి వెనక్కి సూటిగా నడవండి. పడవ మీ వైపే తిన్నగా వస్తుంది. పది సెకన్లలో 14 మీటర్లు నడిచేలా నేల మీద గుర్తులు పెట్టుకోండి. రెండో మనిషి కాటా అంకెను ఫోన్‌లో వీడియో తీయాలి. మొదటి రెండు మూడు సెకన్లు పడవ వేగం అందుకుంటూ ఉంటుంది కాబట్టి ఎక్కువ చూపిస్తుంది. వాటిని వదిలేసి, తర్వాత నిలకడగా ఉన్న అంకె తీసుకోండి. అటు నుంచీ ఇటు నుంచీ చేసి సగటు చూస్తే గాలి తేడా పోతుంది. నల్లగొండ వాళ్లకు పానగల్లు ఉదయసముద్రం, పాలమూరు వాళ్లకు పెద్దచెరువు, ఇంకాస్త దూరమైతే కోయిలసాగర్, డిండి ఉన్నాయి. పొద్దున్నే, గాలి లేవక ముందే పోవాలి. గేట్లు, తూములు ఉన్న వైపు వద్దు. ప్రాజెక్టుల దగ్గరైతే అక్కడి సిబ్బందిని అడిగాకే నీళ్లలో దింపండి.

ఈ కొలతల లాంచీకి కాటా 800 గ్రాముల దగ్గర చూపిస్తుందనుకుందాం. అది సుమారు 8 న్యూటన్ల బలం. దాన్ని వేగం 1.44తో గుణిస్తే 11.5 వాట్లు. పదిహేడు కిలోల పడవను నడిచే వేగంతో కదపడానికి నీళ్లు అడిగేది అంతే! మోటారు ఇంతకు మూడు నాలుగు రెట్లు కరెంటు తినేది మధ్యలో జరిగే నష్టాల వల్ల. వాటిలో పెద్దది ప్రొపెల్లరుది.

ప్రొపెల్లరు: పట్టినంత పెద్దది, తిరిగినంత నెమ్మదిగా

పడవను ముందుకు నెట్టాలంటే నీటిని వెనక్కి నెట్టాలి. తక్కువ నీటిని చాలా వేగంగా నెట్టవచ్చు, లేదా ఎక్కువ నీటిని నెమ్మదిగా నెట్టవచ్చు. బలం ఒకటే వచ్చినా రెండో పద్ధతిలో వృథా తక్కువ. అంకెల్లో చూడండి. 8 న్యూటన్ల బలం, సెకనుకు 1.44 మీటర్ల వేగం. 35 మిల్లీమీటర్ల ప్రొపెల్లరు ఎంత గొప్పగా చేసినా, సూత్రం ప్రకారమే సగం శక్తి నీళ్లలో పోతుంది. 65 మిల్లీమీటర్లదైతే గరిష్ఠంగా 70 శాతం దాకా పనికొస్తుంది. నిజమైన ప్రొపెల్లర్లు ఈ హద్దులకు చాలా కిందే ఉంటాయి. పెద్దదానికి 45 శాతం వేసుకోండి, చిన్నదానికి 30 కూడా కష్టమే.

కాబట్టి వెనక చుక్కాని ముందు ఎంత చోటుందో కొలవండి. రెక్క కొసకూ హల్‌కూ మధ్య, ప్రొపెల్లరు వ్యాసంలో పదో వంతుకు తగ్గకుండా ఖాళీ ఉండాలి. ఆ చోట పట్టే అతి పెద్ద ప్రొపెల్లరే మీది. మన లాంచీకి 65 మిల్లీమీటర్ల మూడు రెక్కలది, పిచ్ 55 మిల్లీమీటర్లది పట్టిందనుకుందాం. పిచ్ అంటే గట్టి పదార్థంలో మర బిగించినట్టు పోతే ఒక చుట్టుకు ఎంత ముందుకు పోతుందో ఆ దూరం. నీళ్లు గట్టివి కావు, జారుతాయి. ఇలాంటి పడవలకు ఆ జారుడు 35 నుంచి 40 శాతం వేసుకోవాలి. సెకనుకు 1.44 మీటర్లు పోవాలంటే పిచ్ లెక్కన 2.3 మీటర్లు తిరగాలి. దాన్ని 55 మిల్లీమీటర్లతో భాగిస్తే సెకనుకు 42 చుట్లు. అంటే నిమిషానికి సుమారు 2,500 చుట్లు.

ఈ అంకె గోడ మీద రాసి పెట్టుకోండి. నీళ్లలో, లోడు మీద, 2,500 చుట్లు. దుకాణాల్లో ‘పవర్‌ఫుల్’ అని చూపించే మోటార్లు చాలావరకు పది పదిహేను వేల చుట్లవి. వాటికి ఇంత ప్రొపెల్లరు నేరుగా తగిలిస్తే, దమ్ము చేసే పొలంలో ట్రాక్టరును టాప్ గేరులో లాగించినట్టే.

ఇక్కడే రెండు లెక్కలు గుర్తుంచుకోవాలి. ఒకే ప్రొపెల్లరును పది శాతం వేగంగా తిప్పితే 33 శాతం ఎక్కువ శక్తి కావాలి. అదే వేగంతో పది శాతం పెద్ద ప్రొపెల్లరు తిప్పాలంటే 61 శాతం ఎక్కువ కావాలి. చివర్లో సరిదిద్దుకునేటప్పుడు ఒకేసారి పెద్ద మార్పు చేయకూడదనేది అందుకే.

మోటారు దగ్గరికి

11.5 వాట్లను 45 శాతంతో భాగిస్తే దాదాపు 26. ప్రొపెల్లరు షాఫ్టు హల్ గుండా బయటికి పోయే గొట్టంలో రాపిడికి ఇంకో మూడు. మోటారు షాఫ్టు దగ్గర 29 వాట్లు ఇవ్వాలి. మోటారు 68 శాతం సామర్థ్యంతో పనిచేస్తే బ్యాటరీ నుంచి 42 వాట్లు తీసుకుంటుంది. 12 వోల్టుల మీద అది మూడున్నర ఆంపియర్లు. గాలికి ఎదురు పోవడానికి, వెనక్కి తిప్పి ఆపడానికి కొంత చేతిలో ఉండాలి కాబట్టి, ఎంతసేపైనా 80 వాట్లు మోయగల మోటారు చూసుకుంటే చాలు.

బ్రష్ మోటారు ఖాళీగా తిరిగే వేగంలో 80 నుంచి 90 శాతం మధ్య బాగా పనిచేస్తుంది. సగం వేగానికి పడిపోయేంత లోడు పెడితే అత్యధిక శక్తి వస్తుంది గానీ, లోపలికి వెళ్లినదాంట్లో సగం వేడిగా మారుతుంది. అలా నడిపితే మోటారు బతకదు. 2,500 చుట్లు మనకు కావాలంటే, ఖాళీగా 12 వోల్టుల మీద 2,800 నుంచి 3,100 చుట్లు తిరిగేది వెతకాలి.

ఏం దొరుకుతాయో చూద్దాం. 775 రకం మోటార్లు అన్నిచోట్లా ఉంటాయి. కానీ 775 అన్నది మోటారు డబ్బా కొలతే, వేగం కాదు. అదే డబ్బాలో మూడు వేల చుట్లదీ, ఇరవై వేల చుట్లదీ రెండూ అమ్ముతారు. చుట్ల సంఖ్య రాసి లేకపోతే తీసుకోకండి. కార్ల ఏసీ బ్లోయరు మోటారు ఈ పనికి చక్కగా ఒదుగుతుంది. 12 వోల్టులది, నెమ్మదైనది, చప్పుడు తక్కువ, అగ్గువకు పాతది దొరుకుతుంది. సెల్ఫ్, డైనమో బాగుచేసే షాపుల్లో అడగండి. రేడియేటరు ఫ్యాను మోటారు ఇంకా బలమైనది, ఇరవై కిలోలు దాటిన పడవలకు సరే. కానీ ఆగిపోయినప్పుడు అది లాగే కరెంటు చాలా ఎక్కువ. వైపరు మోటారు తీసుకోకండి. లోపలి గేరు వల్ల దాని షాఫ్టు నిమిషానికి కొన్ని పదుల చుట్లే తిరుగుతుంది.

ముప్పై నలభై కిలోల టగ్గు పడవలాంటిది కడుతుంటే, ఈ-సైకిళ్లకు వాడే ఎంవై1016 రకం మోటారు చూడండి. 24 వోల్టుల, 250 వాట్ల రకం లోడు మీద సుమారు 2,700 చుట్లు తిరుగుతుంది. దాన్ని 12 వోల్టుల మీద నడిపితే వేగం సగమై, తొంభై, వంద మిల్లీమీటర్ల ప్రొపెల్లరును హాయిగా తిప్పుతుంది.

బ్రష్‌లెస్ మోటార్లలో ‘కేవీ’ అంటే ఒక వోల్టుకు ఎన్ని చుట్లో. మన లెక్కకు 250 కేవీ దగ్గరిది కావాలి. ఎలక్ట్రిక్ స్కేటుబోర్డులకు వాడే మోటార్లు ఈ వేగంలో దొరుకుతాయి. సెన్సరు ఉన్నవైతే నెమ్మదిగా కదిలేటప్పుడు తడబడవు. నమూనా విమానాల స్పీడ్ కంట్రోలరు (మోటారు వేగాన్ని మార్చే పరికరం) మాత్రం వద్దు, అది వెనక్కి తిప్పదు. లాంచీ గట్టుకు చేరేటప్పుడు రివర్సు లేకపోతే గట్టును గుద్దడమే. నా మాట అడిగితే, మొదటి పెద్ద పడవకు నెమ్మదైన బ్రష్ మోటారే మంచిది. సరళమైనది, నీళ్ల దగ్గర నిలబడి సరిచేసుకోగలిగేది అదే. మంచి వేగమున్న మోటారే చేతిలో ఉంటే, త్రీడీ ప్రింటర్లకు వాడే పళ్ల బెల్టు, రెండు పుల్లీలతో సగానికో మూడో వంతుకో తగ్గించుకోవచ్చు. హైదరాబాదు పోయేవాళ్లకు ఎలక్ట్రానిక్ సామానుకు కోఠి గుజరాతీ గల్లీ, మోటార్లు, మిషన్ సామానుకు సికింద్రాబాదు రాణిగంజ్ ఉన్నాయి.

పాత మోటారును పరీక్షించడం

ముందు రెండు తీగలు విడిగా ఉంచి షాఫ్టును చేత్తో తిప్పండి, తర్వాత తీగలు కలిపి తిప్పండి. కలిపినప్పుడు బరువుగా తిరిగితే అయస్కాంతాలూ బ్రష్‌లూ బాగున్నట్టు. షాఫ్టు పక్కకు ఊగుతుంటే వదిలేయండి. తర్వాత 12 వోల్టులిచ్చి రెండు వైపులా తిప్పి, వేగం, కరెంటు రాసుకోండి. ఒకవైపు కరెంటు బాగా తక్కువ, ఇంకోవైపు ఎక్కువ ఉంటే దాని బ్రష్‌లు ఒక దిశకే అమర్చారన్న మాట. ముందుకు పోయే దిశ ఆ మంచి వైపే ఉండాలి. అందుకు తగ్గట్టు కుడివైపు లేదా ఎడమవైపు తిరిగే ప్రొపెల్లరు ఎంచుకోవాలి.

అసలు తెలియాల్సింది, తిరగకుండా పట్టేస్తే ఎంత కరెంటు లాగుతుందన్నది. దానికి 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైటు బల్బును మోటారుతో వరసలో కలపండి. షాఫ్టును ప్లయరుతో గట్టిగా పట్టుకుని రెండు మూడు సెకన్లు మాత్రమే కరెంటు ఇచ్చి, మోటారు తీగల మధ్య వోల్టేజీ, దానిలో పోయే కరెంటు కొలవండి. 1.6 వోల్టులు, 4 ఆంపియర్లు వచ్చాయనుకోండి. నిరోధం 0.4 ఓములు. 12ను దానితో భాగిస్తే 30 ఆంపియర్లు. షాఫ్టును కొంచెం కొంచెం జరిపి మూడు నాలుగు చోట్ల కొలిచి సగటు తీసుకోండి. ఇంత చిన్న నిరోధాన్ని మల్టీమీటరు ఓముల గుర్తు మీద పెట్టి కొలిస్తే నమ్మలేం.

ఖాళీగా తిరిగినప్పుడు 0.8 ఆంపియర్లు, పట్టేస్తే 30. ఈ రెంటినీ గుణించి వర్గమూలం తీయండి, 4.9 వస్తుంది. మోటారు అన్నిటికన్నా పొదుపుగా పనిచేసేది ఆ కరెంటు దగ్గర, సుమారు 70 శాతం సామర్థ్యంతో. మన లాంచీకి కావలసిన మూడున్నర ఆంపియర్లకు ఇది దగ్గరలోనే ఉంది. ఆ ప్రాంతంలో సామర్థ్యం పెద్దగా మారదు. కాబట్టి ఈ మోటారు సరిపోయింది. మీ లెక్కలో పడవకు పన్నెండు ఆంపియర్లు కావాల్సి వచ్చి, మోటారు మంచి కరెంటు నాలుగైదే ఉంటే ఇంకో మోటారు చూసుకోండి.

బ్యాటరీ, కంట్రోలరు, ఫ్యూజు

పత్తి చేలకు మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లలో ఉండే 12 వోల్టుల 8 ఆంపియర్-అవర్ సీసపు బ్యాటరీ ఊరూరా దొరుకుతుంది. సగం దాకానే వాడినా మూడున్నర ఆంపియర్ల మీద గంటకు పైగా నడుస్తుంది. బరువు ఎలాగూ కావాలి కాబట్టి రెండు పెట్టి, హల్ అడుగున మధ్య గీత మీద కూర్చోబెట్టండి. స్పీడ్ కంట్రోలరు రివర్సు ఉన్నదై, పట్టేసినప్పుడు వచ్చే కరెంటుకు మించి, అంటే మనకు 40 ఆంపియర్లది ఉండాలి. ఫ్యూజు మాత్రం పది ఆంపియర్లది, బ్యాటరీకి ఆనుకుని పెట్టండి. మన చెరువుల్లో నాచు, గుర్రపు డెక్క, తెగిన వల దారాలు ఏదో ఒకటి ప్రొపెల్లరుకు చుట్టుకుంటాయి. అప్పుడు కాలాల్సింది ఫ్యూజు, మోటారు కాదు.

బ్రష్‌ల నిప్పురవ్వలు పడవను నడిపే రిమోటు రేడియోకు అడ్డం రాకుండా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు మూడు టంకం పెట్టాలి: మోటారు రెండు కొసల మధ్య ఒకటి, ఒక్కో కొస నుంచి డబ్బాకు ఒక్కొక్కటి.

బిగింపు, చివరి పరీక్ష

మోటారు షాఫ్టు, ప్రొపెల్లరు షాఫ్టు ఒకే గీతలో ఉండాలి. లేత్ షాపులో రెండు వైపులా సరిపడే రంధ్రాలతో ఇత్తడి ముక్క చేయించి, దాన్ని తగిలించి మోటారు పీఠాన్ని అతికించండి. గట్టిపడ్డాక ముక్క తీసి యూనివర్సల్ జాయింటు (రెండు షాఫ్టులను కలుపుతూ కొద్దిగా వంగే కీలు) పెట్టుకోండి. గొట్టంలో గ్రీజు నింపి, నీళ్లలో దించకుండానే తిప్పి కరెంటు చూడండి. ఒట్టి మోటారు కన్నా అర ఆంపియరుకు మించి పెరిగితే గీత తప్పినట్టే. మళ్లీ సర్దాలి.

తర్వాత బోరు దగ్గరి గాబులో పడవను రెండు వైపులా కట్టేసి పూర్తి వేగంతో పది నిమిషాలు నడపండి. కదలని నీళ్లలో ప్రొపెల్లరు ఎక్కువ లాగుతుంది కాబట్టి చెరువులో కన్నా కరెంటు ఎక్కువే చూపిస్తుంది. ఆరు ఆంపియర్లొచ్చినా కంగారు వద్దు. మోటారు డబ్బా మీద వేలు ఐదు సెకన్లు ఉంచలేకపోతే మాత్రం చిన్న పిచ్ ప్రొపెల్లరు కావాలి. ఈ పరీక్ష ఎండాకాలం మధ్యాహ్నం చేస్తే మరీ మంచిది. మే నెలలో మన దగ్గర నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీల ఎండలో, మూసిన డెక్కు కింద మోటారు ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. క్యాబిన్ కిటికీలు నిజంగా తెరిచి ఉంచితే గాలి ఆడుతుంది.

చివరగా చెరువులో అదే 14 మీటర్ల గుర్తులు పెట్టి, గడియారం, ఆంపియర్ మీటరు చూడండి. వేగం తక్కువ, కరెంటు కూడా తక్కువ అయితే ఐదు మిల్లీమీటర్లు ఎక్కువ పిచ్ పెట్టండి. వేగం తక్కువ, కరెంటు ఎక్కువ అయితే ముందు నాచు, షాఫ్టుల గీత, గ్రీజు చూసి, తర్వాత ప్రొపెల్లరు వ్యాసం తగ్గించండి. వేగం ఎక్కువైతే రిమోటులోనే హద్దు పెట్టండి, దేన్నీ మార్చనక్కర్లేదు. ఇక పడవ నడిమధ్యలో ఆగిపోతే దాని కోసం ఈత కొట్టకండి, గాలి దాన్ని ఏదో ఒక ఒడ్డుకు చేరుస్తుంది. తొందరైతే పుట్టి ఉన్న జాలరిని అడగండి.